పెప్టైడ్ ఎంసీఎల్-1కి మాత్రమే అతకాలి, బీసీఎల్-ఎక్స్ఎల్‌కీ అతుకుతోంది. ఎక్కడ తప్పుతున్నాను?

సుంకేసుల (కర్నూలు)
సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. కర్నూల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడు నడుస్తోంది. కణం బతకాలా చావాలా అని తేల్చే బీసీఎల్-2 కుటుంబం ప్రోటీన్ల మీద నా పని. ఎంసీఎల్-1, బీసీఎల్-ఎక్స్ఎల్ ఆ కుటుంబంలోవే. మా ల్యాబ్‌లో ఈ విషయం మీద ఉన్నది నేనొక్కదాన్నే, అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

బిమ్ అనే ప్రోటీన్‌లోని బీహెచ్3 ముక్కతో (కొన్ని అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్) మొదలుపెట్టాను. అది ఎంసీఎల్-1, బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్ అన్నిటికీ గట్టిగా అతుకుతుంది. నాకు కావలసింది ఎంసీఎల్-1ని పట్టుకుని మిగతావాటిని వదిలేసేది. ఆ ప్రోటీన్ల మీద ఉండే గాడిలో దిగే నాలుగు అమైనో ఆమ్లాల్లో చివరిదైన ఫినైల్‌అలనీన్‌ని తీసేసి, అక్కడ అలనీన్ పెట్టించాను.

ప్రోటీన్లు రెండూ ఈ.కోలైలో నేనే చేసుకున్నాను. పొరలో గుచ్చుకునే తోక భాగం తీసేసి, హిస్ ట్యాగ్ పెట్టి, నికెల్ కాలమ్, ఆ తర్వాత జెల్ ఫిల్ట్రేషన్‌తో శుద్ధి చేశాను. జెల్ మీద రెండూ ఒక్కొక్క బ్యాండే వచ్చాయి, శుభ్రంగా ఉన్నాయి. ఫ్లోరెసీన్ తగిలించిన పెప్టైడ్‌తో ఫ్లోరెసెన్స్ పోలరైజేషన్ (మెరిసే రంగు తగిలించిన పెప్టైడ్ ప్రోటీన్‌కు ఎంత అతికిందో వెలుగుతో కొలిచే పద్ధతి) చేస్తే రెండు ప్రోటీన్ల గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఈ పెప్టైడ్ చేతికి రావడానికే రెండు నెలలు పట్టింది. ఇంకొకటి తెప్పించండి అని గైడ్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది. డిజైనే తప్పా, కొలవడంలో తప్పా?

---

గడియారస్తంభం (అనంతపురం)
సోమవారం, రాత్రి 11:05

అమ్మా, ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. నీ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు వచ్చేలోపు, ఈ పోస్టు తెరిచి ఏమీ అర్థంకాక వెళ్లిపోయే పిల్లల కోసం నాలుగు మాటలు రాస్తాను.

తల్లి కడుపులో బిడ్డ చేతివేళ్లు మొదట బాతుకాలిలా కలిసి ఉంటాయి. మధ్యలో ఉన్న కణాలు వాటంతట అవి చచ్చిపోతేనే వేళ్లు విడతాయి. సీ. ఎలిగన్స్ అనే చిన్న పురుగులో ఈ లెక్క అచ్చంగా తేలింది. దాని శరీరం తయారయ్యేటప్పుడు 1090 కణాలు పుడతాయి, అందులో 131 చచ్చిపోతాయి. ఏ పురుగును చూసినా అవే 131. ఈ పని మీదే బ్రెన్నర్, హోర్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ వచ్చింది. క్లాసులో ఈ అంకె చెప్పిన రోజు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్లు.

ఇక కణం ఎలా చస్తుందంటే, మైటోకాండ్రియాను చెరువనుకోండి. బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రోటీన్లు కట్టకు గండి కొట్టేవి. గండి పడితే లోపలున్న సైటోక్రోమ్ సి బయటికొస్తుంది. అప్పుడు ఏపాఫ్-1 ప్రోటీన్లు ఏడు చేరి చక్రంలా కూడుకుంటాయి. ఆ చక్రం కాస్పేజులనే కత్తెరలను లేపుతుంది, అవి కణాన్ని లోపల్నుంచే తెగ్గోస్తాయి. బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్, ఎంసీఎల్-1 కట్ట మీద కాపలా ఉండే నీరుగంట్లు. గండి కొట్టేవాడి చెయ్యి పట్టుకుని ఆపుతారు. కణానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు బిమ్, ప్యూమా, నోక్సా లాంటి బీహెచ్3 ప్రోటీన్లు వచ్చి నీరుగంటి చేతినే పట్టేస్తాయి. గండి కొట్టేవాడికి ఇక అడ్డుండదు.

1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు దీనికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో చెట్టు నుంచి ఆకు రాలడం అని అర్థం. దెబ్బ తగిలి కణం ఉబ్బి పగిలి, చుట్టూ వాపు తెచ్చే చావు వేరు. ఇది పండుటాకు రాలినట్టు, పక్కవాళ్లకు తెలియకుండా జరిగిపోయేది. మన భాషలో "రాలిపోవడం" అనే మాటే దీనికి సరిపోతుందని నా గట్టి అభిప్రాయం. "కార్యక్రమీకృత కణ మరణం" అని రాస్తే పిల్లలు బట్టీ పడతారు, అంతే.

---

నల్లరేగడి (ఆదోని, ప్రస్తుతం హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 7:20

సార్, చాలా బాగా చెప్పారు. చిన్న సవరణ ఒకటి. బిమ్ నీరుగంటిని పట్టుకోవడమే కాదు, అవసరమైతే బ్యాక్స్‌ని నేరుగా తట్టి లేపుతుంది కూడా. నోక్సా, బ్యాడ్ లాంటివి మాత్రం ప్రధానంగా మీరన్న పనే చేస్తాయి.

సుంకేసుల గారూ, ఒక్క విషయం చెప్పండి. లేబుల్ ఉన్న పెప్టైడ్ ఎంత వేస్తున్నారు?

---

సుంకేసుల
మంగళవారం, ఉదయం 7:48

50 నానోమోలార్ గాఢత సార్. అంతకన్నా తగ్గిస్తే మా ప్లేట్ రీడర్‌లో రీడింగ్ ఊగుతోంది. అందరూ 50 అంటున్నారు కదా అని అదే పెట్టుకున్నాను.

---

నల్లరేగడి
మంగళవారం, ఉదయం 8:31

తప్పు దొరికింది. డిజైన్ మాట తర్వాత, ముందు కొలతలోనే ఉంది.

బిమ్ పెప్టైడ్ ఈ ప్రోటీన్లకు అతికే బలం నానోమోలార్ దగ్గర, ఒక్కోసారి అంతకన్నా గట్టిగా ఉంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి). మీరు 50 నానోమోలార్ పెప్టైడ్ పోశారు. అందులో సగం అతకాలన్నా కనీసం 25 నానోమోలార్ ప్రోటీన్ కావాలి, అది ఎంత గట్టిగా పట్టుకునేదైనా సరే. ఎంసీఎల్-1తో అసలు విలువ 1, బీసీఎల్-ఎక్స్ఎల్‌తో 10 అనుకోండి. మీ గ్రాఫులో మొదటిది 26 దగ్గర, రెండోది 35 దగ్గర కనబడతాయి. పదింతల తేడా పైపెట్ చేతివణుకులో కలిసిపోతుంది. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడకలు తూచినట్టు అన్నమాట. రెండు ముక్కుపుడకలూ ఒకే బరువని కాటా చెబుతుంది.

ట్రేసర్‌ని, అంటే లేబుల్ ఉన్న పెప్టైడ్‌ని, 5 నానోమోలార్‌కి దించండి. రీడింగ్ ఊగకుండా ఉండాలంటే గెయిన్ పెంచి, ఒక్కో గుంతను ఎక్కువ ఫ్లాష్‌లతో చదివించండి. బఫర్‌లో ట్వీన్-20 కొంచెం, 0.01 శాతం, వేయండి. ఇంత తక్కువ మోతాదులో పెప్టైడ్ ప్లాస్టిక్‌కే అతుక్కుపోతుంది, దానికోసం. నలుపు ప్లేటు, ప్రోటీన్‌ను పట్టుకోని రకం అయితే మంచిది. ఈ పనంతా అయ్యాక లేబుల్ లేని పెప్టైడ్‌తో పోటీ పరీక్ష కూడా చేయండి, ఎందుకంటే లేబుల్ తానే గాడి అంచుకు తగులుకుని మోసం చేసే అవకాశం ఉంది.

కంట్రోళ్లు ఏమేం పెట్టారో రాయలేదు. నోక్సా పెప్టైడ్ ఎంసీఎల్-1కి అతకాలి, బీసీఎల్-ఎక్స్ఎల్‌కి అతకకూడదు. బ్యాడ్ దానికి తిరుగు. 2005లో మెల్‌బోర్న్ వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏది ఎవరికి అతుకుతుందో వరసపెట్టి కొలిచి చూపించారు. ఈ రెండూ సరిగ్గా రాకపోతే మీ పెప్టైడ్ గురించి ఏమీ చెప్పలేం. నాలుగు ముఖ్యమైన స్థానాల్లోనూ గ్లుటామిక్ ఆమ్లం పెట్టిన బిమ్ దేనికీ అతకకూడదు, అదీ ఉంచుకోండి.

ఇక డిజైన్. 2008లో అదే సంస్థ వాళ్లు బిమ్‌లో రెండు చోట్ల మార్చారు. రెండో స్థానంలోని ల్యూసీన్, నాలుగో స్థానంలోని ఫినైల్‌అలనీన్, రెంటినీ అలనీన్ చేశారు. అది ఎంసీఎల్-1ని మాత్రం పట్టుకుంది, మిగతావాటిని వదిలేసింది. మీరు ఒక్కటే మార్చారు, సగం దారిలో ఉన్నారు. గైడ్‌తో మాట్లాడేటప్పుడు "మళ్లీ తెప్పించాలి" అని మొదలుపెట్టకండి, ముందు సరైన గ్రాఫు చూపించి ఆ తర్వాత అడగండి.

---

కొండారెడ్డిబురుజు (కర్నూలు)
మంగళవారం, మధ్యాహ్నం 1:15

నాది కంప్యూటేషనల్ పని. ఒక మాట సూటిగా అడుగుతాను. పెప్టైడ్ కణంలోకి పోదు, రక్తంలో నిమిషాల్లో ముక్కలైపోతుంది. అలాంటప్పుడు దాని మీద ఇన్నేళ్లు పెట్టడం ఎందుకు? కంప్యూటర్‌లో కొత్త ప్రోటీన్‌నే డిజైన్ చేయొచ్చు కదా. డేవిడ్ బేకర్ ల్యాబ్ 2014లోనే ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు ఉన్న బీసీఎల్-2 లాంటి ప్రోటీన్, బీహెచ్ఆర్ఎఫ్1, దానికి అతికేది చేసింది. 2016లో ఈ కుటుంబంలోని ఆరు మానవ ప్రోటీన్లకు విడివిడిగా అతికేవాటిని చేసి చూపించారు. గాడిలో కూర్చునే ఒక్క మెలికతో (హెలిక్స్) ఆగకుండా, దాన్ని మూడు మెలికల కట్టలో అమర్చారు. గాడి చుట్టుపక్కల తేడాలను కూడా పట్టుకునేది ఆ కట్టే. అందుకే అంత కచ్చితత్వం వచ్చింది. ఆ రంగానికే 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. మనం మాత్రం ఒక్కొక్క అమైనో ఆమ్లం మార్చుకుంటూ కూర్చుంటే ఎలా?

---

నల్లరేగడి
మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఆ పని గొప్పదే. అయితే ఆ ప్రోటీన్లు కూడా కణంలోకి వాటంతట అవి పోవు కదా తమ్ముడూ. జన్యువు రూపంలో పంపాలి, లేదా కణం పొరకు చిల్లులు పెట్టాలి. ఆ లెక్కన పెప్టైడ్‌ని తప్పుపట్టడం న్యాయం కాదు.

పెప్టైడ్‌తో ఇంకో పని ఉంది. బోస్టన్‌లో ఆంథనీ లెటాయ్ ల్యాబ్ బీహెచ్3 ప్రొఫైలింగ్ అని చేస్తుంది. రోగి కణాల పొరను డిజిటోనిన్‌తో కొంచెం తెరిచి, ఒక్కో బీహెచ్3 పెప్టైడ్ వేసి మైటోకాండ్రియాకు గండి పడిందా లేదా చూస్తారు. ఎంసీఎల్-1ని మాత్రమే పట్టుకునే పెప్టైడ్‌తో గండి పడిందంటే ఆ కణం ఎంసీఎల్-1 మీద ఆధారపడి బతుకుతోందని తెలుస్తుంది. ఏ మందు పనిచేస్తుందో మందు ఇవ్వకముందే అంచనా వేయొచ్చు. ఈ అమ్మాయి చేస్తున్నది మందు కాకపోవచ్చు. మందు ఎవరికి ఇవ్వాలో చెప్పే పనిముట్టు కావచ్చు.

పెప్టైడ్‌ని మందు చేయాలనే ప్రయత్నమూ ఉంది. 2004లో వాలెన్‌స్కీ, కోర్స్‌మేయర్ బృందం బిడ్ అనే ఇంకో బీహెచ్3 ప్రోటీన్ పెప్టైడ్ మెలిక విడిపోకుండా హైడ్రోకార్బన్ కొక్కెం బిగించారు. కణంలోకి పోయింది, కాస్త నిలిచింది కూడా.

---

కొండారెడ్డిబురుజు
మంగళవారం, మధ్యాహ్నం 2:40

ప్రొఫైలింగ్ సంగతి నేను ఆలోచించలేదు అన్నా. ఒప్పుకుంటున్నాను. సుంకేసుల గారూ, మీ పెప్టైడ్‌కి కొత్త మార్పులు కంప్యూటర్‌లో చూడాలంటే చెప్పండి, చేసిపెడతాను. మనమిద్దరం ఒకే ఊళ్లో ఉన్నాం.

---

బత్తాయితోట (పులివెందుల)
బుధవారం, రాత్రి 9:33

నేను సైన్సు మనిషిని కాదు. బీసీఎల్-2 అని వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. సార్ రాసిన చెరువు కట్ట మాట చదివాక కొంచెం ధైర్యం వచ్చి అడుగుతున్నాను.

మా నాయనకు 67 ఏళ్లు. రక్తంలో క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అన్నారు. వెనెటోక్లాక్స్ మాత్ర మొదలుపెడుతున్నారు. మొదటి వారం 20 మిల్లీగ్రాములే, చివరికి 400 దాకా తీసుకెళ్తామని చెప్పారు. జబ్బు ముదిరింది కదా, మరి ఇంత తక్కువతో మొదలుపెట్టడం ఎందుకు? నీళ్లు బాగా తాగించమన్నారు, రక్తపరీక్షలు ఒకే రోజులో రెండుసార్లు అన్నారు. భయంగా ఉంది. కాగితం మీద గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని ఉంది. మాది బత్తాయి తోట, పక్క పొలం ద్రాక్ష. నాయన ఇప్పుడు ద్రాక్షే ముట్టడం లేదు.

---

నిర్వాహకుడు
బుధవారం, రాత్రి 9:50

బత్తాయితోట గారూ, మందు విషయంలో ఇక్కడ చదివినది అవగాహనకే. మోతాదు నిర్ణయం మీ నాన్నగారిని చూస్తున్న డాక్టరుదే. మన సభ్యుల్లో రక్తవ్యాధుల డాక్టరు ఒకరు ఉన్నారు, కబురు పెట్టాను.

---

పెన్నాతీరం (కడప)
బుధవారం, రాత్రి 11:18

అమ్మా, డ్యూటీ అయి ఇప్పుడే చూశాను. ఒక్కొక్కటి చెప్తాను.

ఈ జబ్బులో తెల్లకణాలు విపరీతంగా పుట్టడం కన్నా, చావాల్సిన టైముకు చావకపోవడం అసలు చిక్కు. వాటిలో బీసీఎల్-2 ఎక్కువగా ఉంటుంది, గడియారస్తంభం సార్ చెప్పిన నీరుగంటి అదే. వెనెటోక్లాక్స్ ఆ నీరుగంటి చేతిలో తానే దూరి కూర్చుంటుంది. పట్టు వదిలిపోతుంది, కణం రాలిపోతుంది. ఈ మందు బలహీనమైనదని తక్కువతో మొదలుపెట్టడం లేదమ్మా. చాలా గట్టిగా పనిచేస్తుంది కాబట్టే తక్కువతో మొదలు. ఒకేసారి లక్షల కోట్ల కణాలు పగిలితే వాటిలోని పొటాషియం, ఫాస్ఫేటు, యూరిక్ ఆమ్లంగా మారే సరుకు అంతా రక్తంలోకి వచ్చి పడుతుంది. మూత్రపిండాలు తట్టుకోలేవు, గుండె లయ తప్పుతుంది. దీన్ని ట్యూమర్ లైసిస్ అంటాం. ఈ మందును మొదట పరీక్షించిన రోజుల్లో డోసు త్వరగా పెంచినప్పుడు ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే ఇప్పుడు వారానికొక మెట్టు: 20, 50, 100, 200, 400. అయిదు వారాలు.

నీళ్లు మొదటి మాత్రకు రెండు రోజుల ముందు నుంచే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి, గుండె జబ్బు లాంటిది ఉంటే మాత్రం మీ డాక్టరు చెప్పిన లెక్క. మాత్ర వేసుకున్న 6 నుంచి 8 గంటలకు ఒకసారి, 24 గంటలకు ఇంకోసారి రక్తం తీస్తారు. ఆ రెండో పరీక్షను "ఎట్లాగూ బాగున్నాడు కదా" అని మానేయకండి. పొటాషియం పెరిగినప్పుడు మనిషికి పైకి ఏమీ తెలియకపోవచ్చు. మాత్రను అన్నం తిన్నాకే వేసుకోవాలి.

గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. అది పంపరపనస జాతి పండు. నాయనను ద్రాక్ష తినమనండి. గ్రేప్‌ఫ్రూట్, పులుపు నారింజ, స్టార్‌ఫ్రూట్ ఈ మూడూ వద్దని మందు కాగితం చెబుతుంది. మన పంపరపనస కూడా దాని దగ్గరి చుట్టమే, అదీ మానేయడం మంచిది. ఇవి కాలేయంలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, 20 వేసుకుంటే ఒంట్లో అంతకన్నా ఎక్కువ వేసుకున్నట్టు అవుతుంది. బత్తాయి ఆ జాబితాలో లేదు, అయినా వచ్చే విజిట్‌లో మీ డాక్టరును ఒక మాట అడగండి.

పండ్ల కన్నా నాకు ఎక్కువ భయం ఇంకొకటి. ఎండాకాలం తామర వస్తే మెడికల్ షాపుకు వెళ్లి ఇట్రాకొనజోల్ మాత్రలు తెచ్చుకుని వేసుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అది ఇదే ఎంజైమును గట్టిగా ఆపేస్తుంది. మోతాదు పెంచే ఈ అయిదు వారాల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ మాత్రయినా సరే, మీ డాక్టరుకు ఫోన్ చేయకుండా నోట్లో వేయనివ్వకండి.

---

బత్తాయితోట
గురువారం, ఉదయం 6:05

డాక్టర్ గారూ, మీ పోస్టు నాయనకు చదివి వినిపించాను. ద్రాక్ష తినొచ్చంటే ముఖం వెలిగింది. తొడ మీద తామరకి మాత్రలు బీరువాలో ఉన్నాయి, తీసి బయట పడేశాను. అవి ఇట్రాకొనజోలే.

---

సుంకేసుల
గురువారం, ఉదయం 8:10

అక్కా, ఇది చదివి చేతులు వణికాయి. నా ప్రశ్న కింద మీ ప్రశ్న రావడం మంచిదైంది.

---

నల్లరేగడి
గురువారం, రాత్రి 9:00

బత్తాయితోట గారూ, మీ నాన్నగారి మాత్రకూ ఈ అమ్మాయి పెప్టైడ్‌కూ చిక్కు ఒక్కటే. ఆ కథ ఇద్దరికీ పనికొస్తుంది.

అబాట్ కంపెనీలో స్టీఫెన్ ఫెసిక్ బృందం 1990ల్లో బీసీఎల్-ఎక్స్ఎల్ గాడి ఆకారాన్ని తేల్చింది. చిన్న చిన్న అణువులు ఆ గాడిలో పక్కపక్కన ఎక్కడ కూర్చుంటున్నాయో ఎన్ఎంఆర్‌లో చూసి, వాటిని అతికి పెద్దది చేశారు. అలా 2005లో ఏబీటీ-737 వచ్చింది, నోటి ద్వారా ఇవ్వడానికి కుదరలేదు. దాన్ని మార్చి మాత్రగా చేసినదే నావిటోక్లాక్స్. అది బీసీఎల్-2తో పాటు బీసీఎల్-ఎక్స్ఎల్‌నీ పట్టుకునేది. చిక్కు అక్కడే వచ్చింది. ప్లేట్‌లెట్లు వారం, పది రోజులు బతికేది బీసీఎల్-ఎక్స్ఎల్ దయవల్లే. దాన్ని ఆపితే అవి ముందే రాలిపోతాయి. మందు పెంచుదామంటే ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, తగ్గిద్దామంటే జబ్బు లొంగడం లేదు.

రెండు గాడులూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఎక్కడ దొరికిందంటే, బీసీఎల్-2లో 103వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది, బీసీఎల్-ఎక్స్ఎల్‌లో అదే చోట, 96వ స్థానంలో, గ్లుటామిక్ ఆమ్లం ఉంది. రెంటికీ మధ్య తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు. అంతే. మందులో కొత్తగా పెట్టిన ఒక చిన్న వలయం ఆ ఆస్పార్టిక్ ఆమ్లంతో హైడ్రోజన్ బంధం కట్టింది. 2013లో ప్రకటించారు, 2016 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్లేట్‌లెట్ల జోలికి పెద్దగా పోకుండా బీసీఎల్-2ని పట్టుకునే మాత్ర అలా వచ్చింది. మీ నాన్నగారు వేసుకునేది అదే.

సుంకేసుల గారూ, అందుకే మీ పదింతల తేడాను తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను. ఎంసీఎల్-1 విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. గుండె కండరానికి అది అవసరం. ఎంసీఎల్-1ని ఆపే మందుల క్లినికల్ పరీక్షలు గుండె మీద ప్రభావం కనబడి ఆగిన సందర్భాలున్నాయి.

---

కదిరి_ఆరు (అనంతపురం)
శుక్రవారం, సాయంత్రం 5:44

నేను వేరుశనగ తెగుళ్ల మీద పనిచేస్తాను. అనుమతిస్తే మొక్కల సంగతి కొంచెం.

మొక్కల్లో బీసీఎల్-2 కుటుంబం లేదు, అసలు కాస్పేజులూ లేవు. అయినా మొక్క కణాలు తమంతట తాము చస్తాయి. వేరు నుంచి ఆకుకు నీళ్లు పట్టుకెళ్లే గొట్టాలు చచ్చిన కణాలే, లోపలి సరుకంతా ఖాళీ చేసుకుని గొట్టమైపోతాయి. తట్టుకునే రకాల్లో తెగులు బీజం దిగిన చోట చుట్టూ కణాలు ముందే చచ్చి తెగులుకు తిండి లేకుండా చేస్తాయి. 2019లో జార్1 అనే మొక్క ప్రోటీన్ ఆకారం బయటపడింది. అయిదు కలిసి చక్రంలా కూడుకుంటాయి. సార్ చెప్పిన ఏపాఫ్-1 చక్రంలో ఏడు, ఇక్కడ అయిదు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనిషీ మొక్కా ఎంత దూరం, చావును లేపడానికి ఇద్దరూ చక్రాన్నే కట్టుకున్నారు.

---

గడియారస్తంభం
శుక్రవారం, సాయంత్రం 6:30

బాబూ, ఆ రెండు చక్రాల బొమ్మలు పక్కపక్కన పెట్టి ఇక్కడ వేయి. ఇంటర్ పిల్లలకు చూపిస్తాను.

---

సుంకేసుల
రెండు వారాలు దాటాక, ఆదివారం, రాత్రి 8:20

ఆలస్యానికి క్షమించండి. ట్రేసర్ 5కి దించి మొదట చేసినప్పుడు అంతా చెడిపోయింది. గదిలో ఏసీ పనిచేయలేదు, బయట 43 డిగ్రీలు. 384 గుంతల ప్లేటులో అంచు గుంతల్లో నీరు ఆవిరై, అంచు వరస అంతా పైకి లేచింది. మధ్య వరసల్లో గ్రాఫు బాగుంది, అంచుల్లో పిచ్చిగా ఉంది. రెండోసారి అంచు గుంతలన్నిటినీ ఉత్త బఫర్‌తో నింపి, ప్లేటు మీద ఫిల్మ్ అతికించి, ఉదయం ఆరింటికే మొదలుపెట్టాను.

నోక్సా, బ్యాడ్ మీరు చెప్పినట్టే వచ్చాయి. నాలుగు గ్లుటామిక్ ఆమ్లాల పెప్టైడ్ ఏ ప్రోటీన్‌తోనూ కదల్లేదు. నా పెప్టైడ్ గ్రాఫులు ఈసారి విడిపోయాయి. ఎంసీఎల్-1 గీత ఎడమవైపు, బీసీఎల్-ఎక్స్ఎల్ గీత కుడివైపు, మధ్యలో చోటుంది. ఎనిమిదింతల తేడా. పోటీ పరీక్షలోనూ దాదాపు అంతే వచ్చింది. స్క్రీన్ మీద రెండు గీతలు వేరువేరుగా కనబడగానే ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నా గట్టిగా "వచ్చింది" అని అరిచాను.

గ్రాఫు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లాను. రెండు మార్పుల పెప్టైడ్‌కి ఆర్డర్ పెట్టమన్నారు. కొండారెడ్డిబురుజు గారు ఇంకో రెండు స్థానాల్లో మార్పులు చూసిపెట్టారు, అందులో ఒకటి కూడా చేర్చాం.

---

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 9:05

శభాష్. అంచు గుంతల సంగతి నోట్‌బుక్‌లో తేదీతో రాసిపెట్టుకోండి. వచ్చే ఎండాకాలం ఇంకొకరికి పనికొస్తుంది.

---

బత్తాయితోట
ఆదివారం, రాత్రి 9:40

చెల్లీ, చాలా సంతోషం. నాయనకు రెండో వారం 50 కూడా అయింది. మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు రాత్రి, రెండో పరీక్షలో పొటాషియం కొంచెం పెరిగిందని ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు, పొద్దునకు దిగింది. డాక్టర్ గారు ఆ రెండో పరీక్ష మానేయొద్దని అంత గట్టిగా చెప్పకపోతే మేము ఇంటికి వచ్చేసి ఉండేవాళ్లం. మెడ దగ్గర గడ్డలు చేతికి తగిలేవి, ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు. నాయన మీ అందరికీ ఒక్కో బుట్ట బత్తాయి పంపుతానంటున్నాడు.

---

పెన్నాతీరం
ఆదివారం, రాత్రి 10:15

మంచి మాట చెప్పారమ్మా. 100 మొదలుపెట్టే ముందు రోజు కూడా నీళ్లు అదే లెక్కలో తాగించండి. గడ్డలు తగ్గాయని ఇక్కడ సడలించకూడదు.

---

సుంకేసుల
ఆదివారం, రాత్రి 10:31

అక్కా, నాయనకు నా నమస్కారాలు చెప్పండి.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. నోక్సా ఎంసీఎల్-1తో పాటు అదే కుటుంబంలోని బీఎఫ్ఎల్-1కి కూడా అతుకుతుంది. రెండు మార్పుల పెప్టైడ్ వచ్చాక దాని మీద కూడా కొలవకపోతే "ఎంసీఎల్-1కి మాత్రమే" అని నేను రాయలేను. బీఎఫ్ఎల్-1 ప్లాస్మిడ్ (ఆ ప్రోటీన్‌ను ఈ.కోలైలో చేయించే డీఎన్ఏ) ఎవరి దగ్గరైనా ఉందా?

---

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 10:44

నా దగ్గర ఉంది, తోక తీసేసినదే. మీ గైడ్ చేత ఒక ఉత్తరం పంపించండి, ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి పోస్టులో పంపుతాను. ఆ ప్రోటీన్ తొందరగా ముద్ద కడుతుంది, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచండి, 37లో పెట్టకండి.